థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా రిపోర్ట్‌లో ఎక్కువ వచ్చిందా? మాత్ర ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే పలమనేరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్. "వదినా, రిపోర్ట్ వచ్చినాది, థైరాయిడ్ ఎక్కువైపోయిందంట, రేపటి నుంచి మాత్ర సగం చేసి వేసుకునేదా?" అని. నేను ఒకటే అడిగినా, "ఏది ఎక్కువైంది?" అని. అటు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. కాసేపటికి వాట్సాప్‌లో ఫోటో పెట్టింది, టీఎస్‌హెచ్ 11.6, పక్కనే లావుగా హెచ్ అని అక్షరం, అంటే హద్దు కంటే ఎక్కువ అని.

ఈ ఘనకార్యం నేను చేసి చూసినదాన్నే. పదకొండేళ్ళ కిందట మాత్ర మొదలుపెట్టిన కొత్తలో ఇక్కడే తిరుపతిలో ఒక చిన్న ల్యాబ్‌లో రిపోర్ట్ తీసుకుంటే కౌంటర్‌లో ఉన్న పిల్లోడు "మేడమ్ మీకు థైరాయిడ్ ఎక్కువుంది" అన్నాడు. ఎక్కువుంటే తగ్గించాలి కదా, నా తెలివి అట్లా ఏడ్చింది, 50 మైక్రోగ్రాముల మాత్రను బ్లేడుతో రెండు ముక్కలు చేసి సగం సగం వేసుకుంటా రెండు నెలలు గడిపేసినా. గొంతు బొంగురుపోయింది, పొద్దున లేస్తే మొహం ఉబ్బి ఉండేది, కాలి మెట్టెలు బిగుసుకుపోయి సబ్బు రాస్తే గానీ వచ్చేవి కావు. 9.8 ఉన్న టీఎస్‌హెచ్ 31 అయి కూర్చుంది. డాక్టరమ్మ చూసి తిట్టలేదు గానీ ఆ చూపు చాలు.

నేనేం డాక్టర్‌ని కాదు. డోసు పెంచేది తగ్గించేది డాక్టర్ పనే. కానీ డాక్టర్ దగ్గర మనకు దొరికేది ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో ఆయనకు పనికొచ్చే మాట చెప్పాలంటే ముందు మన కాగితం మనకు అర్థమవ్వాలి.

ముందుగా, హెచ్ అనే అక్షరం ఏ పేరు పక్కన పడిందో చూడండి. రిపోర్ట్‌లో మామూలుగా మూడు వరసలు ఉంటాయి, టీ3, టీ4, టీఎస్‌హెచ్. కొన్నిటిలో ఫ్రీ టీ3, ఫ్రీ టీ4 అని ఉంటాయి, ఫ్రీ అంటే రక్తంలో ప్రొటీన్‌కు అతుక్కోకుండా విడిగా తిరిగేది. టీ3, టీ4 అనేవి అసలు థైరాయిడ్ హార్మోన్లు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది కాదు, మెదడు కింద పిట్యూటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది, అది థైరాయిడ్‌ను పని చెయ్యమని వేసే కేక. స్కూలు టైమవుతా ఉంటే అమ్మ "లేవరా లేవరా" అని అరుస్తుంది కదా, అదే. పిల్లోడు లేవకపోతే అరుపు పెరుగుతుంది, లేస్తే తగ్గుతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిందంటే ఒంట్లో హార్మోన్ చాలడం లేదని పిట్యూటరీ గోల పెడతా ఉందని అర్థం. టీఎస్‌హెచ్ తక్కువ వచ్చి టీ4 ఎక్కువ వస్తే అది నిజంగా ఎక్కువవడం. మన జనం రెంటినీ "థైరాయిడ్ ఎక్కువైంది" అనే అంటారు, ల్యాబ్ వాళ్ళతో సహా. ఆ మాట ఎవరన్నా నమ్మద్దు, కాగితం చూడండి.

రెండోది, మీరు వేసుకునే మాత్ర ఏదో పేరు చదవండి. నవ్వకండి, "థైరాయిడ్ మాత్ర" అని తప్ప పేరు తెలియనివాళ్ళు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్, వీటన్నిటిలో ఉండేది లెవోథైరాక్సిన్, అంటే టీ4 హార్మోనే. ఇది లోటు పూడ్చేది. నియోమెర్కజోల్ లాంటివి కార్బిమజోల్, ఇది ఎక్కువ పని చేసే థైరాయిడ్‌ను అణిచేది, పూర్తిగా ఎదురు మందు. కార్బిమజోల్ వాడేవాళ్ళకు టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తే మందు మోతాదు మించిందని డాక్టర్ తగ్గిస్తారు, లెవోథైరాక్సిన్ వాడేవాళ్ళకు అదే నంబర్ వస్తే పెంచుతారు. ఇంకో మాట, కార్బిమజోల్ మొదలుపెట్టినాక టీ4 మామూలుకు వచ్చినా టీఎస్‌హెచ్ వారాలు, ఒక్కోసారి నెలల తరబడి కిందనే ఉండిపోతుంది, అది చూసి మందు పని చెయ్యలేదని కంగారు పడద్దు. ఆ మందు వాడతా ఉన్నప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం మందు ఆపి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోయి రక్తకణాల పరీక్ష చేయించుకోవాల, రేపు చూద్దాంలే అనద్దు. ఇక్కడ నుంచి నేను చెప్పేదంతా లెవోథైరాక్సిన్ వాళ్ళకే.

పేరుతో పాటు బాటిల్ మీద నంబర్ కూడా. 12.5, 125 రెండూ దొరుకుతాయి, చుక్క ఒకటే తేడా, పదింతలు తేడా. మందుల షాపులో పాత బాటిల్ చూపించి తీసుకోండి, నోటితో చెప్పి కాదు.

మూడోది హద్దులు, కొలతలు. టీఎస్‌హెచ్ మామూలుగా 0.4 నుంచి 4 చిల్లర దాకా. పైహద్దు ఒక ల్యాబ్ 4.2 అని వేస్తుంది, ఇంకోటి 4.9, ఇంకోటి 5.5, మెషీన్‌ను బట్టి. 4.6 వచ్చి ఒక చోట హెచ్ పడుతుంది, ఇంకో చోట పడదు, మీ ఒంట్లో ఏమీ మారలా. 70 దాటిన పెద్దవాళ్ళకు 4 నుంచి 6 మధ్యలో ఉన్నా చాలామంది డాక్టర్లు కదిలించరు. ఫ్రీ టీ4తో ఇంకో తంటా ఉంది. కొన్ని ల్యాబ్‌లు నానోగ్రాముల్లో ఇస్తాయి, దాంట్లో హద్దు దాదాపు 0.9 నుంచి 1.7. కొన్ని పికోమోల్స్‌లో ఇస్తాయి, దాంట్లో 12 నుంచి 22. మొదటిదాన్ని 12.87తో గుణిస్తే రెండోది వస్తుంది. మా ఆడబిడ్డకు ఒకసారి 1.3 ఉన్నది ఇంకో ల్యాబ్‌లో 16.7 వచ్చింది, రాత్రంతా నిద్రపోలా పాపం. రెండూ ఒకటే నంబర్! అందుకే ఒకే ల్యాబ్‌ను పట్టుకోండి, పాత రిపోర్ట్‌లు పారెయ్యకుండా ఒక కవర్లో పెట్టుకోండి.

నాలుగోది, ఆ రోజు రక్తం ఎట్లా ఇచ్చినారో గుర్తు తెచ్చుకోండి. సగం తప్పుడు భయాలు ఇక్కడే పుడతాయి.

పొద్దున మాత్ర వేసుకుని రెండు మూడు గంటల్లో రక్తం ఇస్తే ఆ కాసేపు ఫ్రీ టీ4 పైకి పోయి కనిపిస్తుంది, హద్దు దాటి హెచ్ కూడా పడచ్చు. టీఎస్‌హెచ్ మాత్రం అంత తొందరగా కదలదు. కాబట్టి పరీక్ష రోజు మాత్రను సంచిలో వేసుకుని పోండి, రక్తం ఇచ్చినాక అక్కడే నీళ్ళతో వేసుకోండి, మానెయ్యద్దు. ఈ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు, కానీ టైమ్ ముఖ్యం, టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువుంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. పోయినసారి పొద్దున 7కి ఇచ్చి ఈసారి సాయంత్రం 4కి ఇచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే ఏం లాభం.

ఇంకొకటి బయోటిన్, జుట్టుకని వేసుకునే విటమిన్. ఇది చాలామందికి తెలీదు. మా చిన్నమ్మ కూతురు కొండకు పోయి గుండు కొట్టించుకుని వచ్చింది, మొక్కు. జుట్టు ఒత్తుగా రావాలని ఎవరో చెప్తే బయోటిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ళ రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది. నెల తర్వాత రిపోర్ట్ తీస్తే టీఎస్‌హెచ్ 0.1 కంటే తక్కువ, ఫ్రీ టీ4 హద్దు దాటి ఎక్కడో. చూస్తే గుండె దడ లేదు, చెమటలు లేవు, బరువు తగ్గలా, పిల్ల రాయిలా ఉండాది. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "జుట్టు మాత్రలేమైనా వేసుకుంటున్నావా?" అని. బయోటిన్ ఒంట్లో థైరాయిడ్‌ను ఏమీ చెయ్యదు, కొన్ని మెషీన్లలో పరీక్ష చేసే పద్ధతినే తప్పు దోవ పట్టిస్తుంది, టీ4ను లేని ఎక్కువగా, టీఎస్‌హెచ్‌ను లేని తక్కువగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, పెద్ద డోసు వేసుకునేవాళ్ళు ఇంకా ముందే, ఎన్ని రోజులో డాక్టర్‌ని అడగండి. ఆ పిల్ల వారం ఆపి మళ్ళీ తీయించుకుంటే టీఎస్‌హెచ్ 2.4. ఆమె వేసుకునే థైరాయిడ్ మాత్రను ఆ వారమే తగ్గించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

డెంగీ లాంటి జ్వరాలొచ్చి ఆస్పత్రిలో పడుకుని లేచిన వారం కూడా తీయించుకోకండి, పెద్ద జబ్బు నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పైకి పోయి తనంతట తానే దిగుతుంది. డోసు మార్చి మూడు వారాలకే తీసిన రిపోర్ట్ కూడా లెక్కలోకి రాదు. లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది, కొత్త డోసు నిలకడకు రావడానికి ఆరు వారాలు. పిల్లోడు లేచి పళ్ళు తోముకుంటా ఉన్నా అమ్మ ఇంకా కాసేపు సణుగుతానే ఉంటుంది చూడండి, టీఎస్‌హెచ్ కూడా అంతే. 6 నుంచి 8 వారాలు ఆగి తియ్యాల.

ఐదోది, అన్నిటికంటే పెద్దది, మాత్ర ఎట్లా మింగుతా ఉన్నారు. మా ఆడబిడ్డను ఫోన్‌లో అడిగినా, పొద్దున లేచిన కాడి నుంచి ఏమేం చేస్తావో వరసగా చెప్పు అని. "ఐదున్నరకు లేస్తాను, పాలు కాస్తాను, కాఫీ పెట్టి మీ తమ్ముడికి ఇస్తాను, నేను మాత్ర వేసుకుని కాఫీ తాగుతాను." ఎంత గ్యాప్? "గ్యాప్ ఏముంది వదినా, మాత్ర నోట్లో వేసుకుని ఒక గుక్క నీళ్ళు, వెంటనే కాఫీ." ఇంకేమైనా మాత్రలున్నాయా? "మోకాళ్ళ నొప్పికి క్యాల్షియం ఇచ్చినారు కదా మూడు నెలలాయె, మర్చిపోతానని దాన్ని కూడా దీంతోనే వేసేస్తున్నా." దొరికింది దొంగ.

ఈ మాత్ర కడుపు ఖాళీగా ఉంటేనే బాగా ఒంటికి పడుతుంది. పరగడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగినాకే కాఫీ అయినా టిఫిన్ అయినా. కాఫీ కూడా పట్టకుండా అడ్డుపడుతుంది, పాలు వేసినా వెయ్యకపోయినా. క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే దీన్ని కడుపులోనే పట్టుకుని బయటికి తోసేస్తాయి, వాటికి నాలుగు గంటల ఎడం కావాల. మల్టీవిటమిన్లలో కూడా ఐరన్ ఉంటుంది, వెనక అట్ట చదవండి. మన చిత్తూరు వైపు పొద్దున్నే రాగిజావ తాగడం ఉంది కదా, మంచిదే, ఎవరూ కాదనరు, కానీ బియ్యంతో పోలిస్తే రాగుల్లో క్యాల్షియం చాలా ఎక్కువ, పీచు కూడా ఉంటుంది, మాత్ర వెనకాలే గ్లాసుడు జావ దించకుండా గంట ఆగండి. మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరుబిండి హాయిగా తినండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

గ్యాస్ మాత్ర సంగతి వేరే. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి రోజంతా కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తాయి, థైరాయిడ్ మాత్ర కరగడానికి ఆ యాసిడ్ కావాల. కాబట్టి వీటికి గంట గ్యాప్ ఇచ్చినా ఆ అడ్డు పూర్తిగా తప్పదు. వేసుకోక తప్పకపోతే డాక్టర్‌కు చెప్పండి, టీఎస్‌హెచ్ చూసి డోసు సర్దుతారు. అలవాటుగా ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు అసలు ఆ గ్యాస్ మాత్ర ఇంకా కావాలా అని కూడా అడగండి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ కూడా ఈ హార్మోన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తాయి.

ఆ తర్వాత మర్చిపోయే రోజులు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఆ రోజు మాత్ర కూడా మానేస్తారు, నాకు తెలిసి మా వీధిలోనే ఇద్దరు. వారానికి ఒక్కరోజే కదా అనిపిస్తుంది. 100 డోసు వేసుకునే మనిషికి వారానికి 700 పడాల్సింది 600 పడుతుంది, అంటే రోజుకు 86 వేసుకున్నట్టు లెక్క. సంవత్సరం పొడుగునా డోసు తగ్గించుకున్నట్టే కదా. గుక్కెడు నీళ్ళతో మాత్ర వేసుకుంటే వెంకన్న ఏమీ అనుకోడు. ఇంకో రకం ఉన్నారు, గంగజాతరకు చుట్టాలొచ్చి వారం పది రోజులు మాత్ర మాటే మర్చిపోయి, పరీక్షకు నాలుగు రోజుల ముందు గుర్తొచ్చి రెండేసి వేసేవాళ్ళు. అప్పుడు రిపోర్ట్ విచిత్రంగా వస్తుంది, టీ4 బాగానే ఉంటుంది, లేదా ఎక్కువుంటుంది, టీఎస్‌హెచ్ కూడా ఎక్కువే ఉంటుంది. డాక్టర్ తల పట్టుకుంటారు. అబద్ధం ఆడకుండా "పది రోజులు వేసుకోలేదండీ" అని చెప్పేస్తే సరి, లేకపోతే అక్కర్లేని స్కానింగుల దాకా పోతుంది కథ.

బాటిల్ ఎక్కడ పెడతారో కూడా చూడండి. పొయ్యి పైన అరలో, ఫ్రిజ్ మీద, స్కూటర్ డిక్కీలో వద్దు. మే నెలలో తిరుపతి ఎండ 40 దాటుతుంది, ఈ మందు వేడికి, తేమకు, వెలుతురుకు బలం తగ్గిపోయే రకం. మూత బిగించి, అది వచ్చిన బాటిల్‌లోనే, చల్లటి గదిలో. బ్రాండ్ మారిస్తే ఆరు వారాలు ఆగి ఒక్కసారి టీఎస్‌హెచ్ చూసుకోండి. పొద్దున కాఫీ లేకపోతే బతకలేం అనేవాళ్ళు రాత్రి అన్నం తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చు, అదీ పని చేస్తుంది, డాక్టర్‌కు ఒక మాట చెప్పి మార్చుకోండి.

ఇవన్నీ చూసుకున్నాక ఇప్పుడు నంబర్లను కలిపి చదవండి. టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ అయితే హార్మోన్ చాలడం లేదు, మాత్ర ఒంటికి పట్టకపోవడమో డోసు చాలకపోవడమో. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, టీ4 మామూలు అయితే అంచు మీద ఉన్నారు, మింగే పద్ధతి సరిచేసుకుని ఆరు వారాలకు మళ్ళీ చూద్దామని కొందరు డాక్టర్లు అంటారు, కొందరు కొద్దిగా పెంచుతారు. టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి ఫ్రీ టీ4 ఒక్కటే కాస్త పైన ఉంటే, ఆ పొద్దున మాత్ర వేసుకుని పోయినారేమో, మాత్ర మీద ఉన్నవాళ్ళకు టీ4 పైహద్దు దగ్గర ఉండడం మామూలే కూడా. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అయితే డోసు మించింది. దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, ఇవి తోడైతే నాన్చకండి, పెద్దవాళ్ళకు గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం దాకా పోతుంది. అయితే థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్ళకు డాక్టర్లే కావాలని టీఎస్‌హెచ్‌ను కింద ఉంచుతారు, పిట్యూటరీ జబ్బు ఉన్నవాళ్ళకు టీఎస్‌హెచ్ చూసి ఏదీ తేల్చరు, టీ4 చూస్తారు. వీళ్ళు పక్కింటివాళ్ళ రిపోర్ట్‌తో పోల్చుకోకూడదు.

గర్భిణీల సంగతి ఆగేది కాదు. మాత్ర వేసుకునే అమ్మాయికి నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కు ఫోన్ చెయ్యాల, బిడ్డ కోసం డోసు పెంచాల్సి వస్తుంది, సగం నెలలు నిండేదాకా దాదాపు నాలుగు వారాలకొకసారి పరీక్ష. ఆ సమయంలో మొత్తం టీ4 (రిపోర్ట్‌లో ఫ్రీ అని లేని టీ4) ఎక్కువ కనిపించడం మామూలే, రక్తంలో దాన్ని మోసే ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి. అది చూసి అత్తగారు మాత్ర ఆపించిన ఇళ్ళున్నాయి, దయచేసి ఆపకండి.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు బాటిల్, పాత రిపోర్ట్‌లు, వేసుకునే మిగతా మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక కవర్లో పట్టుకుపోండి. ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకోండి, ఏ టైమ్‌కు వేసుకుంటారు, ఎంతసేపటికి కాఫీ, నెలలో ఎన్ని రోజులు తప్పింది, ఆ రోజు రక్తం ఇచ్చేముందు మాత్ర వేసుకున్నారా లేదా. అన్నీ సరిగా చేస్తున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే కడుపు, పేగుల్లో పట్టకపోవడం ఏమైనా ఉందా అని వాళ్ళు వెతుకుతారు, అట్లాంటప్పుడు ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బులు చూసే వాళ్ళ దగ్గరికే పోండి, తిరుపతిలో స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది, చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ దగ్గర. యాంటీ టీపీఓ అని ఇంకో పరీక్ష ఉంటుంది, మన ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తా ఉందేమో చూసేది, అది ఒకసారి పాజిటివ్ అని తేలినాక ప్రతిసారీ చేయించి డబ్బులు పోసుకోనక్కర్లేదు. ఛాతీలో నొప్పి, ఆగకుండా గుండె పరుగు, ఆయాసం, లేదా పెద్దవాళ్ళు ఒళ్ళు చల్లబడి మగతగా పడి ఉండడం, వీటికి రిపోర్ట్ చదువుకుంటా కూర్చోకండి, ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

మా ఆడబిడ్డ సంగతి అంటారా, ఆమె డాక్టర్ డోసు మార్చలా. క్యాల్షియం రాత్రి అన్నం తర్వాతకు జరిపినారు, అంతే, ఏడు వారాలకు మళ్ళీ పరీక్ష రాసినారు. మాత్ర బాటిల్‌ను ఇప్పుడు వంటింట్లో నుంచి తీసి మంచం పక్కన చెంబు దగ్గర పెట్టుకుంది, లేచిన వెంటనే వేసుకుని వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి వచ్చేసరికి ముప్పావు గంట అవుతుందంట, అప్పుడు కాఫీ. మా తమ్ముడికి కాఫీ లేటవుతా ఉందని గొణుగుడు, పెట్టుకోమని చెప్పినా.